గుట్ట మీది కవర్లు

డ్రైఫోర్క్ గుట్ట,
సెప్టెంబరు

లీడియా అక్కకు,

ముందుగా నా రాతను క్షమించు. అక్షరాలు వంకరగా వస్తాయి, తప్పులు కూడా ఉంటాయి, దిద్దుకుని చదువుకో. ఫోను చేద్దామంటే నీకు చెవులు వినపడవు, నాకు మాట్లాడటం రాదు. అందుకని ఇదే దారి.

రూబెన్ సంగతి అడిగావు. పేపర్లో చదివానన్నావు. పేపర్లో రాసింది నిజం కాదు.

నేను కాలువకు ఇవతల ట్రాక్టరు మీద ఉన్నాను. రూబెన్ అవీలా అవతల తూము దగ్గర గడ్డి చేలోకి నీళ్లు మళ్లిస్తున్నాడు. నా జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ అతను నాతో పని చేస్తున్నాడు. డిప్యూటీ క్లింట్ హార్ష్ బండి ఆపి దిగాడు. ఏదో అరిచాడు. ఇంజను మోతలో నాకు వినపడలేదు. రూబెన్ తిరిగి చూశాడు. చేతిలో పార ఉంది. కానీ పార ఎత్తలేదు అక్కా. దాని మొన బురదలో దిగే ఉంది. హార్ష్ కాల్చాడు. రూబెన్ అలసిపోయి కూర్చున్నట్టు కూర్చున్నాడు. మళ్లీ కాల్చాడు. పడిపోయాక దగ్గరికి వెళ్లి ఇంకోసారి కాల్చాడు. రూబెన్ కుక్క మొరిగింది. దాన్నీ కాల్చాడు. నేను వెళ్లేసరికి తూములో నీళ్లు ఎర్రగా పోతున్నాయి. ఆ నీళ్లు నా చేలోకే వచ్చాయి.

కార్విన్ ఊళ్లోకి వెళ్లి షెరీఫ్ వెండెల్ స్ట్రామ్‌కు చూసింది చూసినట్టు చెప్పాను. అతను కాగితం తియ్యలేదు, పెన్ను తియ్యలేదు. "పార ఎత్తాడని మావాడు చెబుతున్నాడు ఎమిల్. నీకు వయసు మీద పడింది. ఎండలో కళ్లు చెదురుతాయి. ఇంటికెళ్లి పడుకో పెద్దాయనా" అని భుజం తట్టాడు. ఇంటికొచ్చేశాను.

నవంబరులో షెరీఫ్ ఎన్నిక ఉంది. స్ట్రామ్ మీద నోరీన్ టాగర్ట్ నిలబడింది. అతని కింద డిప్యూటీగా చేసి, అతనితో పడక ఉద్యోగం మానేసిన మనిషి. గుట్ట మీద అందరి గేట్లకూ స్ట్రామ్ బోర్డులే. గస్ పెఫర్లీ గేటుకైతే రెండు. నేను బోర్డు పెట్టను. ఎవరితోనూ వాదించను, నా సంగతి నీకు తెలుసు. నోరీన్‌కు ఓటేస్తాను. రూబెన్ కోసం నేను చేయగలిగింది అదొక్కటే. అది మాత్రం లెక్కలోకి రావాలి.

ఓటు కాగితాలు వచ్చే నెల పోస్టులో వస్తాయి. ఎప్పటిలాగే, ఇళ్లలోనే ఓటేసి సంతకం పెట్టి అంటించిన గుట్ట మీది వాళ్లందరి కవర్లూ నేనే ఊళ్లోకి తీసుకెళ్లి ఓట్ల పెట్టెలో వేస్తాను. నాన్న చేసిన పని, నేనూ చేస్తున్నాను.

నీ తుంటి ఎలా ఉంది?

నీ తమ్ముడు
ఎమిల్


స్పోకేన్,
అక్టోబరు మొదట్లో

ఒరేయ్ ఎమిల్,

నీ ఉత్తరం చదవడానికి భూతద్దం తెప్పించుకున్నాను. చదివాక, అది తెప్పించుకోకుండా ఉండాల్సింది అనిపించింది. అమ్మ పోయినప్పుడు శవపేటిక మోసినవాళ్లలో రూబెన్ ముందున్నాడు. వాళ్లావిడ ఎలోయిసా క్రిస్మస్‌కి మొక్కజొన్న ఆకుల్లో చుట్టి పంపే తమాలీల వాసన ఇంకా నా ముక్కులో ఉంది. ఆమె ఎక్కడుందిప్పుడు? ఎవరు చూసుకుంటున్నారు?

నువ్వు స్ట్రామ్ ముందు నోరు విప్పావంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. బడిలో ఓల్సన్ టీచరమ్మ "బయటికి వెళ్లాల్సినవాళ్లు చెయ్యెత్తండి" అంటే చెయ్యెత్తడానికి సిగ్గుపడి బెంచీ మీదే కానిచ్చేసిన మొనగాడివి. నా కోటు నీ నడుముకు చుట్టి ఇంటిదాకా నడిపించుకొచ్చాను. చలికి నేను వణికాను, నువ్వు మాత్రం దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడు నా మాట విను. మా వృద్ధాశ్రమం వంటగదిలో పని చేసే అమ్మాయికి కార్విన్‌లో చుట్టాలున్నారు. ఓట్ల పెట్టె ఎదురుగా తుపాకులు పట్టుకుని కాపలా కూర్చుంటున్నారట. చేతిలో ఒకటి కంటే ఎక్కువ కవర్లు కనిపిస్తే దొంగ ఓట్లంటూ మీద పడుతున్నారట. నువ్వు అక్కడికి వెళ్లకు. నీ కవరు నీ గేటు దగ్గరి పోస్టు డబ్బాలో పెట్టి దాని పక్కనున్న చిన్న ఎర్ర జెండా లేపు, పోస్టుమనిషి తీసుకుపోతాడు. మిగతావాళ్ల కవర్లు వాళ్లనే వేసుకోమను. వాళ్లకి కాళ్లు లేవా? స్ట్రామ్ ఓట్లు మోసి నువ్వు తన్నులు తినడమేమిట్రా?

నా తుంటి బాగానే ఉంది.

అక్క
లీడియా


డ్రైఫోర్క్ గుట్ట,
అక్టోబరు

అక్కా,

రాత ఇంకా పాడైంది, క్షమించు. కుడిచెయ్యిని దూడ తొక్కింది. ఎడమ చేత్తో రాస్తున్నాను. కట్టు కట్టారు. కంగారు పడకు.

ఎలోయిసా పిల్లల్ని తీసుకుని యాకిమాలో వాళ్లన్న దగ్గరికి వెళ్లిపోయింది. ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. వాన లేదు.

నువ్వు రావద్దు. దారి బాగా లేదు.

ఎమిల్


స్పోకేన్,
అక్టోబరు

ఒరేయ్,

ఏ దూడ? ఎవరి దూడ? మీ ఆవిడ క్లారా చనిపోయిన ఏడే ఉన్న పశువులన్నీ వేలం వేశావు. ఆఖరి ఆవును లారీ ఎక్కిస్తుంటే నీ పక్కన నిలబడింది నేనే. కళ్లు తుడుచుకోవడానికి రుమాలు ఇచ్చింది నేనే. అబద్ధం ఆడటం కూడా చేతకాని వెధవవి, ఎందుకొచ్చిన తిప్పలు నీకు?

ఓటు సంగతి ఒక్క ముక్క రాయలేదు. కాగితం అంచున ఒక మరక ఉంది. కాఫీ అనుకుంటాననుకున్నావేమో. ఆస్పత్రిలో నా ఉద్యోగమంతా పక్కగుడ్డలు మార్చడమే. నెత్తురు ఎండితే ఏ రంగులోకి తిరుగుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

జరిగింది రాయి. రాయకపోతే ఈ కుంటి కాలితోనే బస్సెక్కుతాను. దారిలో పడి చస్తే ఆ పాపం నీదే.

లీడియా


డ్రైఫోర్క్ గుట్ట,
అక్టోబరు చివర

అక్కా,

బస్సెక్కకు. రాస్తున్నాను. ఎడమ చేత్తో ఒక్కో అక్షరం గియ్యాలి, ఆగి ఆగి రాస్తున్నాను. చదవలేకపోతే వదిలెయ్యి.

నువ్వు చెప్పినట్టే పోస్టు డబ్బాలో పెడదామని గేటు దాకా వెళ్లాను. డబ్బా పేలిపోయి ఉంది. రాత్రి ఎవరో బండి మీద పోతూ దారి పొడుగునా డబ్బాలన్నిటినీ కాల్చుకుంటూ పోయారు. కుర్రాళ్ల సరదా అన్నారు. అందుకని అందరి కవర్లూ క్లారా ఆపిల్ బుట్టలో వేసుకుని పొద్దున్నే కార్విన్ వెళ్లాను.

ఓట్ల పెట్టె ధాన్యం గోదాము పక్కన ఉంది. దానికెదురుగా పికప్పు బండి, డ్రమ్ములో మంట, మడత కుర్చీలు. హార్ష్ ఉన్నాడు, ఇంకో ఇద్దరున్నారు. యూనిఫారాలు లేవు. ఒళ్లో తుపాకులు.

"బుట్టలో ఏంటి తాతా, గుడ్లా?" అన్నాడొకడు.

"ఓట్లు" అన్నాను.

హార్ష్ లేచాడు. "ఎన్ని ఓట్లు తాతా నీకు? నోరీన్ పంపిందా?"

"గుట్ట మీది వాళ్లవి. ఎప్పుడూ నేనే తెస్తాను."

"తెస్తావు. తెచ్చేవాళ్లంతా ఇదే అంటారు."

బుట్ట పట్టుకుని లాగాడు. నేను వదల్లేదు. రెండోవాడు తుపాకీ మడమతో చెవి మీద కొట్టాడు. మోకాళ్ల మీద పడ్డాను. అప్పుడూ బుట్ట వదల్లేదు. డొక్కలో తన్నాడు. అప్పుడు వదిలేశాను.

"అందులో గస్ పెఫర్లీ కవరు ఉంది చూడు. అతని గేటుకు మీ బోర్డులు రెండున్నాయి" అన్నాను.

వాళ్లు నవ్వారు. "గస్ తన ఓటు తెచ్చి నీ చేతికిచ్చాడా? పుట్టి ఎన్నాళ్లయింది మాకు? దొంగ ముసలోడా!"

కుడిచెయ్యి పట్టుకుని బండి వెనక తలుపు సందులో పెట్టారు. "అందరి సంతకాలూ దీంతోనేనా గీకావు?" అన్నాడు హార్ష్. తలుపు కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. తెరిచి మళ్లీ కొట్టాడు. నేను అరిచాను అక్కా. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. గోదాము దగ్గర లారీల వాళ్లున్నారు. ఇటు చూసి, తలలు తిప్పుకున్నారు.

కవర్లు డ్రమ్ములో పోశారు. గస్‌ది, వాళ్లావిడ బెర్నిస్‌ది, వీలర్ అన్నదమ్ములవి, నాది, అన్నీ. ముందు అంచులు ముడుచుకున్నాయి, తర్వాత మండాయి. అందులో నాది తప్ప అన్నీ వాళ్ల షెరీఫ్‌కు వేసిన ఓట్లే అక్కా. చెప్పినా వినలేదు. నవ్వుకుంటూ వాళ్లే తగలబెట్టుకున్నారు.

ఇదీ జరిగింది. సిగ్గేసి నీకు రాయలేదు.

ఎన్నికల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఆవిడ నా చెయ్యి చూసి కుర్చీ వేసింది. పోయిన కాగితాలకు బదులు కొత్తవి ఇస్తారట. ఎవరిది వాళ్లే వచ్చి తీసుకోవాలి. ఆఖరి రోజు సాయంత్రం దాకా గడువు. నాకు ఇంకో చిక్కుంది. కవరు మీద సంతకం పాత సంతకంతో కలవాలి. ఎడమ చేత్తో పెడితే కలవదు. చెయ్యి రానివాళ్లు ఒక గీత గీస్తే చాలట, కానీ దాని పక్కన ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి.

గుట్ట మీద నా గీతకు సంతకం చేసేదెవరు? అందరూ స్ట్రామ్ మనుషులే. వాళ్ల ఓట్లు పోయింది నా చేతిలోనే. ఇంటింటికీ వెళ్లి ఆ మాట చెప్పాలి. ముందు గస్ దగ్గరికి వెళ్తాను.

ఎమిల్


స్పోకేన్,
అక్టోబరు చివర

తమ్ముడూ,

ఈసారి తిట్టను. తిట్టడానికి ఓపిక లేదు.

చిన్నప్పటి నుంచీ నోరు తెరువురా, చెయ్యెత్తరా అని నిన్ను సాధించుకు తిన్నాను. ఇప్పుడు చెబుతున్నాను, నోరు మూసుకుని ఇక్కడికి వచ్చెయ్. నా గదిలో సోఫా ఉంది. స్ట్రామ్ ఎలాగూ గెలుస్తాడు. ఒక్క ఓటు కోసం మిగిలిన చెయ్యి కూడా పట్టుకెళ్లి ఆ తలుపు సందులో పెడతావా? రూబెన్ బతికుంటే వెళ్లమనేవాడా?

గస్ దగ్గరికి అసలు వెళ్లకు. వాడి కోపం నాకు తెలిసినంతగా బెర్నిస్‌కు కూడా తెలియదు. నన్ను చేసుకుంటానని తిరిగే రోజుల్లో, రైతుల సంఘం గ్రేంజి హాల్లో డాన్సు జరుగుతుంటే నా చెయ్యి పట్టుకున్నవాడి పళ్లు రాలగొట్టాడు. నా తెల్ల గౌను మీద నెత్తురు. ఇంటికొచ్చి ఉతుక్కుంటూ, ఈ మనిషితో నేను బతకలేననుకున్నాను. మర్నాడు వద్దన్నాను. అయినా బస్సు స్టాండుకు నా పెట్టె మోసుకొచ్చింది వాడే.

సాక్షిగా నేనే వచ్చేదాన్ని. రాలేను. తుంటి బాగుందని రాశాను కదా, అది అబద్ధం. ఎండాకాలంలోనే మళ్లీ విరిగింది. మంచం దిగనివ్వడం లేదు. బస్సెక్కుతానని బెదిరించింది కూడా మంచంలో పడుకునే.

నాకు మిగిలింది నువ్వొక్కడివే. ఓటు సంగతి వదిలెయ్యరా.

అక్క


డ్రైఫోర్క్ గుట్ట,
నవంబరు

అక్కా,

రాత ఇంకా అలాగే ఉంది, క్షమించు. నువ్వు తుంటి దాచావు, నేను చెయ్యి దాచాను. ఇకమీదట ఇద్దరం మానేద్దాం.

ముందు ఇది రాయాలి, లేకపోతే మిగతాది రాయలేను. గస్ చనిపోయాడు.

నీ ఉత్తరం రాకముందే అతని దగ్గరికి వెళ్లాను. వాకిట్లో గొడ్డలి సానపెడుతున్నాడు. నీ కవరు కాల్చేశారు అని చెప్పాను.

"ఎవరు?"

"హార్ష్ వాళ్లు."

"నువ్వు చూస్తూ నిలబడ్డావా?" అంటూనే మూతి మీద గుద్దాడు. ఒక పన్ను పోయింది. నేను పడ్డాను. పడ్డాక అతనికి నా కట్టు కనపడింది.

"ఇదేంటి?"

"వాళ్ల బండి తలుపు."

వంగి ఆ కట్టు చూశాడు. తర్వాత లోపలికి కేకేశాడు. "బెర్నిస్! ఐసు ముక్కలు పట్రా. ఎమిల్ మూతి పగలగొట్టాను."

"కొట్టే ముందు అడగడం ఈ జన్మలో నేర్చుకుంటావా నువ్వు?" అంటూ ఆవిడ వచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను లేపి వంటింట్లో కూర్చోబెట్టారు. సాక్షుల సంగతి చెప్పాను.

"ఇంతకీ ఎవరికి వేస్తావు?" అన్నాడు గస్.

"నోరీన్‌కు."

"సిగ్గు లేదట్రా? నా బల్ల దగ్గర కూర్చుని, నా కాఫీ తాగుతూ చెబుతావా?"

"నువ్వే అడిగావు."

బెర్నిస్ నవ్వింది. గస్ నవ్వలేదు. "నీ గీతకు నేను సంతకం పెడతాను. ఇదీ పెడుతుంది. నీ ఓటు నా ఓటును కొట్టేస్తుందని నాకు తెలుసు, నాకు చెప్పక్కర్లేదు. కానీ నా కవరు మంటలో వెయ్యడానికి ఆ హార్ష్‌గాడెవడు? మీ నాన్న చేతికి మా నాన్న ఇచ్చాడు. నీ చేతికి నేనిచ్చాను. మధ్యలో వాడెవడు?"

ఆఖరి రోజు గుట్ట మీది బళ్లన్నీ వరసగా దిగాయి. ఎన్నికల ఆఫీసులో అందరూ కొత్త కాగితాలు తీసుకున్నారు. నేను గీత గీశాను. "వానపాములా ఉంది" అన్నాడు గస్. పక్కన సంతకం పెట్టాడు. బెర్నిస్ పెట్టింది. అక్కడే కౌంటరు పక్కన ఒక పెట్టె ఉంది. ఇందులో వేసేద్దాం అన్నాను. గస్ ఒప్పుకోలేదు. "ఎక్కడ కాల్చారో అక్కడే వేస్తాం. వాళ్లు చూస్తుండగా వేస్తాం" అన్నాడు. ఆ మనిషికి ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు.

గోదాము దగ్గర హార్ష్ పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు. మీ షెరీఫ్‌కే వేశాను" అన్నాడు గస్. హార్ష్ జరిగాడు. గస్ తన కవరు వేశాడు. నేను ముందుకు రాగానే హార్ష్ మళ్లీ అడ్డొచ్చాడు.

"నీది పడింది కదా గస్. ఇంక ఇంటికెళ్లు. ఈ తాత కవరు ఇలా ఇవ్వమను."

"అతనిది అతనే వేసుకుంటాడు."

హార్ష్ తుపాకీ అడ్డం పెట్టాడు. గస్ దాని గొట్టం పట్టుకుని పక్కకు తోశాడు. రెండోవాడు వెనక నుంచి గస్ మెడ పట్టుకున్నాడు. గస్ తల వెనక్కి విసిరితే వాడి ముక్కు చితికింది. "వెయ్యరా ఎమిల్! వెయ్యి!" అని అరిచాడు. పెట్టె నోరు సన్నం. ఎడమ చేత్తో పెట్టాను. కవరు అంచు తగిలి వంగింది. మళ్లీ పెట్టాను. పడింది. అప్పుడే హార్ష్ తుపాకీ పేలింది.

గస్‌కు కడుపులో తగిలింది. పెట్టెకు చేరగిలబడి కూర్చున్నాడు. రూబెన్ కూర్చున్నట్టే కూర్చున్నాడు అక్కా. బెర్నిస్ రెండు చేతులూ గాయం మీద అదిమిపెట్టింది. నెత్తురు ఆమె వేళ్ల సందుల్లోంచి వచ్చింది. వీలర్ అన్నదమ్ములు హార్ష్‌ను కింద పడేసి చక్రాలు విప్పే రాడ్డుతో కొట్టారు. చెయ్యి విరిగాక కూడా ఆపలేదు. మొహం మొహంలా లేదు. చాలు, చాలు అన్నాను. వాళ్లకు వినపడలేదు. స్టేటు పోలీసులు వచ్చి లాగేదాకా కొడుతూనే ఉన్నారు.

గస్ నా వంక చూసి, "పడిందా?" అన్నాడు.

"పడింది."

"నాదీ పడింది. ఇద్దరికీ చెల్లు" అన్నాడు. ఆస్పత్రి బండి వచ్చేసరికి పోయాడు.

బతికుండగా వేశాడు కాబట్టి గస్ ఓటు లెక్కలోకి వస్తుందని ఆఫీసు ఆవిడ చెప్పింది. నాదీ వచ్చింది. వారం రోజులు లెక్కపెట్టారు. నోరీన్ గెలిచింది, చాలా కొద్దిలో. సమాధి దగ్గర బెర్నిస్ నా చెవిలో ఒక మాట చెప్పింది. "ఆయన ఆఖరిదాకా మార్చుకోలేదు. స్ట్రామ్‌కే వేశాడు. నేను మార్చుకున్నాను. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను" అంది.

మొన్న స్టేటు వాళ్లు బడి హాల్లో విచారణ పెట్టారు. ఊరంతా వచ్చింది. హార్ష్‌ను జైల్లోంచి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. గస్‌ను కాల్చడం ఎవరు చూశారని అడిగితే చాలా చేతులు లేచాయి. తర్వాత రూబెన్ అవీలాను కాల్చడం ఎవరైనా చూశారా అని అడిగారు. ఒక్క చెయ్యి లేవలేదు. హార్ష్ వెనక్కి తిరిగి నా వంకే చూశాడు.

నేను చెయ్యెత్తాను. కట్టు ఉన్న చెయ్యే. రెండోది బెర్నిస్ పట్టుకుని ఉంది. పేరు చెప్పమన్నారు, చెప్పాను. పార మొన బురదలో ఉందని చెప్పాను. మూడోసారి ఎక్కడ నిలబడి కాల్చాడో చెప్పాను. ఈసారి ఒకామె కూర్చుని అంతా రాసుకుంది. వెనక ఎలోయిసా ఏడవడం వినపడింది. యాకిమా నుంచి వచ్చిందట.

బెంచీ పొడిగానే ఉంది అక్కా.

గస్ టోపీ నీకు పంపమంటావా అని బెర్నిస్ అడుగుతోంది. ఎందుకని నేను అడగలేదు. ఆమెకు అంతా తెలుసనుకుంటాను. ఏం చెప్పమంటావో రాయి. గేటు దగ్గర కొత్త డబ్బా పాతాను. రోజూ వెళ్లి చూస్తుంటాను, జవాబు తొందరగా రాయి.

నీ తమ్ముడు
ఎమిల్